ఆదెమ్మ కేకల బావి

కళ్ళం దాటాక రేగుపొదల మధ్య రాళ్ళతో పూడ్చేసిన బావి ఒకటుంది కదా, మీరంతా దూరంగా చుట్టూ తిరిగి పోతారే గానీ పక్కనుంచి పోరు, ఎందుకో ఎవరైనా చెప్పారా మీకు? చెప్పరు. దాన్ని ఆదెమ్మ కేకల బావి అంటారు. ఆదెమ్మని నేను చూశాను, బాగా ముసలిదయ్యాక. చుట్ట కాల్చేది, సరే, అది వేరే సంగతి.

ఆవిడ కుమ్మరి గవర్రాజు పెళ్ళాం. కొత్త కోడలుగా ఉన్న రోజుల్లో, ఓ ఎండాకాలం ఊళ్ళో ఏదో జ్వరం వచ్చిందంట. జ్వరమొచ్చినవాడు పోయేవాడంట, పాడె కట్టేలోగా లేచి కూర్చునేవాడంట, బతికాడనుకుని దగ్గరికెళితే కరిచేవాడంట. కరిపించుకున్నవాడికి మళ్ళీ అదే జ్వరం. ఇంకేం మిగులుతుంది చెప్పండి? మునసబు బండి కట్టించుకుని వెళ్ళిపోయాడు, పక్కూరివాళ్ళు దారికి ముళ్ళకంప అడ్డం వేసి మనవాళ్ళ మీద రాళ్ళు విసిరారు, గుప్పెడు ఉప్పు కోసం సొంత అన్నదమ్ములు తలలు పగలగొట్టుకున్నారు. గవర్రాజు మాత్రం తల్లినీ పెళ్ళాన్నీ అటకెక్కించాడు, కింద నిచ్చెన పట్టుకునుండగా చచ్చి లేచినవాళ్ళెవరో వాణ్ణి వెనకనుంచి కరిచారు.

"నిచ్చెన పైకి లాగేసుకోండి, ఇంక నన్ను చూడకండి" అన్నాడంట.

చూడకుండా ఉంటుందా ఆదెమ్మ? తాటాకు సందులోంచి చూస్తూనే కూచుంది. కింద తిరిగేవాళ్ళు అరుపులకి పలకరు, కుక్క మొరిగినా తల తిప్పరు. అలాంటిది ఎదురింటి కప్పు మీదనుంచి ఒక తల్లి "అప్పలసామీ" అని ఏడిస్తే, అంతమందిలో ఆ అప్పలసామి ఒక్కడే తిరిగాడంట! తిరిగి, అడ్డమొచ్చిన కుండలు తొక్కుకుంటూ, గోతిలో పడి లేస్తూ, తిన్నగా ఆ కేక వైపే నడిచాడంట. ఓహో, వీళ్ళకి పేరొక్కటీ మిగిలిందన్నమాట అనుకుంది ఆదెమ్మ.

అప్పటికి అటకల మీద మిగిలినవాళ్ళకి తాగడానికి చుక్క నీళ్ళు లేవు. ఇంక ఆగితే అందరూ పోతారని అత్తని తీసుకుని దొడ్డిదారిన బావి దగ్గరికి పరిగెత్తింది. అప్పట్లో దానికి గట్టు లేదు. అవతలి ఒడ్డున నిలబడి ఒక్కొక్కరినీ పిలిచింది. అప్పలసామీ! తౌడమ్మా! సింహాలూ! పిలిచినవాళ్ళు పిలిచినట్టే తిన్నగా వచ్చారు, బావిలో పడ్డారు. అందరూ తెలిసినవాళ్ళే కదా, ఏడుస్తూనే పిలిచిందంట.

చివరికి గవర్రాజు మిగిలాడు.

"అత్తా, ఆయన పేరు నేనెప్పుడూ పలకలేదు, నువ్వు పిలువు" అంది.

"కన్నదాన్ని, ఈ నోటితో ఎలా పిలవనే?" అని ఆ తల్లి చెవులు మూసుకుని కూలబడిపోయింది.

ఇంక ఆదెమ్మే పిలిచింది. గవర్రాజూ, అని. వచ్చాడు. అందరూ ఆగకుండా పడ్డారు గానీ, వాడు మాత్రం అంచుమీద కాసేపు ఆగి ఆవిడకేసి చూశాడంట. ఎందుకాగాడు మామ్మా, గుర్తుపట్టాడా అని నేనడిగాను. చుట్ట తీసి, "ఏమో నాయనా, పెళ్ళాం పేరు పెట్టి పిలిచేసరికి ఆశ్చర్యపోయాడేమో" అంది.

మిగిలినవాళ్ళు దిగొచ్చి బావి పూడ్చారు. వాళ్ళ పిల్లల పిల్లలే మీరంతా.

అటుపక్క పోకండి. పోయినా, ఎవర్నీ పేరు పెట్టి పిలవకండి. మన ఊళ్ళో తాతల పేర్లే మనవలకి పెడతారు, ఎవరు పలుకుతారో చెప్పలేం.