గూటికింత

అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు మూడు రోజులుగా మేడమీదే కాపు వేశారు, కళ్ళకి బైనాక్యులర్స్ తగిలించుకుని. ఎదురింటి తోట యజమాని మెట్లెక్కి వచ్చి, తన చెట్ల మీది కొంగల గూళ్ళ లెక్క రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టాడు.

"పంతొమ్మిదా?"

"పంతొమ్మిదేనండీ, మాస్టారూ."

"మళ్ళీ చెప్పు."

"రాశాను కదండీ."

"రాశావు సరే. నువ్వు ఎక్కువేసి రాస్తావని, పట్టుకుందామని, ఎండలో మాడిపోతున్నాను. పిట్టలకి అద్దె కట్టే మనిషిని మిమ్మల్నే చూశానని కింద మా ఆవిడ ఒకటే నవ్వు."

"అమ్మగారి మాటలకేం లెండి."

"నవ్వనీ. ముప్ఫయ్యేళ్ళు క్లాసులో గొంతు చించుకున్నాను. ఎవరిదీ కానిదాన్ని ఎవరూ కాపాడరు, సొంతదారుకి లాభం చూపిస్తే వాడే కాపాడతాడు అని. పిల్లలంతా నిద్రపోయారు. విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. వినడమే కాదు, వచ్చి నీతో కాగితం కూడా రాసుకున్నాను. చెట్లు కొట్టించకు, ఏటా గూటికింత ఇస్తాను అని."

"ఏడేళ్ళూ ఇచ్చారు కదండీ."

"ఇచ్చాను. అందుకే అడుగుతున్నాను. ఎన్ని?"

"పంతొమ్మిది... ఒకటి అటూ ఇటూ."

"ముప్ఫయ్యొకటి."

"అబ్బే."

"మూడుసార్లు లెక్కపెట్టాను."

"ఒకే గూడు రెండుసార్లు వచ్చుంటుందండీ. మీకు కంట్లో శుక్లాలు కదా."

"తీయించుకున్నాను. మాట మార్చకు. తనకి రావలసింది తగ్గించి రాసుకునే మనిషి నా పుస్తకాల్లో ఎక్కడా లేడయ్యా. నిన్ను ఏ పాఠంలో పెట్టను?"

"ఎందుకులెండి ఇప్పుడు."

"ఎందుకు తగ్గించావు?"

"పోయినేడు ఇరవయ్యారని రాస్తే, మీరు లోపలికెళ్ళి చాలాసేపు రాలేదు. పళ్ళసెట్టు వచ్చే ఏడు చూద్దాంలెండి అని అమ్మగారు అనడం వినపడింది."

"అది... దాని పళ్ళు బానే ఉన్నాయి."

"ఎక్కువ రాస్తే భారమై మానేస్తారేమోనని."

"మానేస్తే? చెట్లు నీవి. కలప అడితికి అమ్ముకుంటావు. నీకేం నష్టం?"

"మానకండి మాస్టారూ. పదింటికివ్వండి, ఐదింటికివ్వండి. ఏదో ఒకటి వస్తున్నట్టు మా అబ్బాయిలకి కనపడాలి. నిలబడ్డ చెట్టు ఏం పెడుతుందని రోజూ గొడవ. అదుగో, మాస్టారు ఇస్తున్నారు కదరా అంటే నోరు మూసుకుంటారు."

"ఇష్టమై ఉంచుకున్నానని చెప్పొచ్చుగా?"

"ఇంట్లో నా మాట ఇంకా కాస్త చెల్లుతోందండీ. అలా అన్నానంటే అదీ పోతుంది."

"ఆగాగు. ఏడేళ్ళ కిందట అడితివాడు వచ్చి బేరం చేసింది నిజమేనా?"

"నిజమేనండీ. గొడ్డళ్ళతో సహా వచ్చాడు."

"మరి నేనొచ్చి ఆపాను కదా? నా కాగితమే కదా ఆపింది?"

"ఏం చెప్పమంటారు..."

"చెప్పు. ఫరవాలేదు."

"మీరొచ్చేసరికి వాణ్ణి పంపేసి గంటైందండీ. ఇంట్లో ఏం చెప్పాలో తెలీక తల పట్టుకు కూర్చునుంటే, మీరే గేటు తీసుకుని వచ్చారు."