అంచు దాకా ఎరుపు

గుంటూరులో ఒక ఆసుపత్రి ల్యాబు. కంప్యూటర్ ముందు అఖిల. పక్క స్టూలు మీద, బొటనవేలికి కట్టుతో ఆమె పిన్ని కోటిరత్నం.

“చెరిపెయ్యవే అంటే వినవేం?”

“గట్టిగా అరవకు పిన్నీ. నిన్ను లోపలికి రానిచ్చానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది.”

“నా వేలు పోతుంటే నీకు ఉద్యోగం గోలా? ఇంతకీ ఇందులో నా గడ్డ ఏది?”

“ఇదంతా నీ గడ్డే. కోసి తీసినదాన్ని పల్చగా తరిగి, ఒక్కో ముక్కనీ మైక్రోస్కోపులో ఫొటో తీశారు. మందు వేస్తే రోగమున్న చోటు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఎంతవరకూ ఉందో ప్రతి ఫొటోలోనూ గీత గీసి రంగు నింపడం నా పని. అన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే, ఇదిగో, గడ్డ మళ్ళీ నిండుగా లేస్తుంది. తిప్పి చూడొచ్చు.”

“పండుమిరపకాయలా ఉందే పాడుది! ఆ నీలం?”

“కత్తి తగిలిన అంచు. గుర్తుకి సిరా పూశారు. ఎరుపు ఆ నీలానికి ఎడంగా ఉంటే గడ్డ మొత్తం వచ్చేసినట్టే.”

“అంటుకుంటే?”

“డాక్టరుగారు వచ్చే వేళయింది పిన్నీ, బయట కూర్చో.”

“అంటుకుంటే ఏందే?”

“మిగతాది వేల్లోనే ఉన్నట్టు.”

“అందుకని వేలు తీసేస్తారు.”

“అది నేను చెప్పకూడదు. డాక్టరు జయదేవ్‌గారు చూసి చెబుతారు.”

“ఆయన చూసేది నువ్వేసిన బొమ్మేగా?”

“ఊఁ.”

“మరింకేం! ఆ మూల అంటుకుంది చూడు, గోరంత. చెరిపెయ్. బొటనవేలు లేకుండా మిరపకాయ తొడిమ ఎట్టా తుంచేది? కోల్డ్ స్టోరేజీలో నన్నెవరు పనికి పిలుస్తారు? ముద్ద ఎట్టా కలుపుకునేది?”

“పిన్నీ, అది...”

“కారం చేతులు నీ తలకి మంటెత్తిస్తాయని, నూనె రాసి కడుక్కుని మరీ నీకు జడలు వేసేదాన్ని. ఈ వేళ్ళతోనే. మరిచావా?”

“ఆ మాట అనకు.”

“అంటాను. చెరుపు.”

“ఏడవకు, ఏడవకు. సరే. చూడు... ఈ ముక్కలో తీశాను. దీంట్లో. ఇక్కడ కూడా.”

“పోతోందే! పోతోంది!”

“అయిపోయింది. ఇప్పుడు ఎటు తిప్పినా నీలానికి అంటదు. డాక్టరుగారు చూసి నిన్ను ఇంటికి పొమ్మంటారు. సేవ్ చేసెయ్యనా?”

“అంతేనా?”

“అంతే. వరండాలో ఆయన మాట వినపడుతోంది. త్వరగా చెప్పు పిన్నీ, నొక్కనా?”

“ఆగవే. బొమ్మలోది పోయింది. మరి ఈ కట్టు కిందదో?”

“అది... అది నేను చెరపలేను పిన్నీ.”

“అయితే మళ్ళీ వెయ్యి. ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా వెయ్యవే తల్లీ.”