లిఫ్టు కదిలితే గేటు తెరుచుకుంది

గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ గేటు దానంతటదే తెరుచుకుంటోంది. వాచ్‌మన్ కునుకు తీస్తూ స్విచ్ మీద మోచెయ్యి ఆనిస్తున్నాడని ఇంజనీరు పోయినవారం రిపోర్టు రాసిపోయాడు. ఇవాళ మళ్లీ వచ్చి, గేటు పక్కనున్న పెట్టె తెరిచి వాచ్‌మన్‌కు చూపించాడు. ఈసారి కూడా అదే రాస్తే వాచ్‌మన్ కొలువు పోయినట్టే.

“ఇది ఆర్మ్ బోర్డండీ, చిన్న కంప్యూటర్. స్విచ్ నొక్కితే దీనికి ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని మధ్యలో ఆపించే సంకేతం, అందుతుంది; గేటు తెరుస్తుంది.”

“ఆర్మ్ అంటె చెయ్యే గద సార్? గట్లయితె ఆ మోచెయ్యి నాది గాదు, దీనిదే!”

“ఎవరూ నొక్కకుండానే దొంగ ఇంటరప్టులు వస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ మూడుసార్లు మార్చాను, తగ్గలేదు.”

“మా సెక్రటరీ సార్ లెక్కనే, పిలవకున్నా నడుమల దూరుతయన్నట్టు. లిఫ్టు కదిలినప్పుడే గిట్లయితున్నదని పోయినసారే చెప్పిన. మీరు ఇన్నరా?”

“సరే, లిఫ్టు పైకి పంపండి.”

లిఫ్టు కదిలింది. ల్యాప్‌టాప్‌లో ఇంటరప్టుల లెక్క గబగబా పెరిగింది, గేటు బార్లా తెరుచుకుంది. వాచ్‌మన్ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

“స్విచ్ తీగను లిఫ్టు మోటారు కేబుల్‌తో కలిపి కట్టేశారండీ. దాని కరెంటు గోలంతా ఇందులోకి వస్తోంది.”

“ఎవలు గట్టిన్రు సార్?”

“మా వాళ్లే.”

“ఇగ రిపోర్టుల ఏం రాస్తరు?”

“సాంకేతిక లోపం సరిచేశామని.”

“నేను నిద్రపోలేదని గూడ రాయుండ్రి.”

“అది టెక్నికల్ పాయింట్ కాదండీ.”

“నిద్రపోయిన అని రాసినప్పుడు అయ్యింది గద?”

ఇంజనీరు మూసిన ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచాడు.

“మీ పేరేమని రాయాలండీ?”

“నిద్రపోయినోని పేరు పోయినవారం రాసిన్రు గద సార్. మెలకువగున్నోని పేరు గూడ అదే.”