ఏడో నోటుబుక్కు

అధ్యక్షులు వరదయ్యగారికి, నేడు పదవీ విరమణ చేస్తున్న మా గ్రంథపాలకులు బాలసుబ్రమణ్యంగారికి, వారి శ్రీమతి చంద్రకాంతమ్మగారికి, నగరి పాఠకులకు నమస్కారం. పొద్దుటి నుంచి కుర్చీలు సర్దుతూ ఉన్నాను, మాట తడబడితే మన్నించండి.

నేను మగ్గం ఇంటి పిల్లను. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. ఈ గ్రంథాలయంలో సహాయకురాలిగా చేరి ఆరేళ్లయింది. ఇక్కడి డిటెక్టివు పుస్తకాలన్నీ చదివి, నేనూ ఒక సస్పెన్సు నవల రాశాను. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు. ఒక హత్య, ఎనిమిది మంది అనుమానితులు, ఏడు నోటుబుక్కులు. నాకున్న పాఠకుడు సారొక్కరే. ఆరు నోటుబుక్కులు వారికిచ్చి, హంతకుడి పేరున్న ఏడోది దాచుకున్నాను. మూడోది పూర్తికాకముందే సారు అన్నారు: "ఆ డాక్టరే గదమ్మా చంపింది. అంత మంచోడిగా రాస్తే ఎవురు నమ్ముతారు?" మొత్తం మళ్లీ రాశాను. "ఈ తూరి వంటమనిషి. నోరే తెరవనోడిని అనుమానించకుండా ఎట్లుంటాం?" మూడోసారీ హంతకుడు దొరికిపోయాడు. ఇదిగో, ముందు వరుసలో కూర్చున్న మా నాయనే అప్పుడు ఇంట్లో అన్నాడు: "పోగు తెగితే అతుకేస్తాం గానీ, చీరంతా విప్పుతామా మే?"

నిజం చెప్పాలంటే, ఆ రోజు సారు మీద కోపం వచ్చింది. ఒక్కసారి తప్పు చెబితే ఏం పోయిందని. రాసి రాసి మణికట్టు వాచింది. ఈసారీ దొరికిపోతే ఇక కలం ముట్టనని నిశ్చయించుకుని నాలుగోసారి రాసి, పోయిన శుక్రవారం ఇచ్చాను. ఈసారి సారు ఏ పేరూ చెప్పలేదు.

ఈ ఉదయం నేను పూలదండల పనిలో ఉండగా వచ్చి, "ఏడో నోటుబుక్కు యాడుండాది?" అన్నారు. ఆయన దాన్ని అడగడం ఇదే మొదటిసారి. వెళ్లిపోతూ నన్ను సంతోషపెట్టడానికి అడుగుతున్నారేమోనని, "మీకు తెలిసిపోయి ఉంటుంది సార్" అన్నాను. పక్కనున్న చంద్రకాంతమ్మగారు, "తెలిస్తే ఈయన టిఫిను తినడా? రెండు దినాలుగా ఇడ్లీ ముందర పెట్టుకోని వాడా, వీడా అంటా ఉండాడు" అన్నారు. (నవ్వులు, చప్పట్లు)

గెంతులు వేయాల్సిందే. కానీ వెనక గదికి పోయి, పాత పత్రికల కట్ట మీద కూలబడి కాసేపు ఏడ్చాను సార్. రేపటి నుంచి మీరు సత్యవేడులో ఉంటారు. నా తప్పులు పట్టుకునే మనిషి ఇక్కడ ఉండరు.

ఇదిగోండి, ఏడోది. వేదిక మీద తెరవకండి, అధ్యక్షులవారు ఇంకా మాట్లాడాలి. (నవ్వులు) సత్యవేడు బస్సు నాగలాపురం దాటాక చదవండి. రెండో నవలకో మూడో నవలకో మీ దగ్గరికి ఆ బస్సులోనే వస్తాను.

అలసిన గొంతును ఇంతసేపు ఓర్చుకున్నారు. మీకందరికీ కృతజ్ఞతలు. సెలవు.