దస్తగిరి కట్టిన కీర్తన

దస్తగిరని, సన్నాయి దస్తగిరి, మా పక్కూరోడే. ఆయన వాయిస్తంటే పెళ్ళిలో జనం అన్నాల సంగతి మర్చిపోయేవోళ్ళంట. ఒక్కతే కూతురు, నాగూరమ్మ. ఏమైందంటే, ఈయన ఎక్కడో పెళ్ళిలో వాయిస్తా ఉంటే ఇక్కడ పిల్లకి జరమొచ్చి ప్రాణం పోయింది. తెల్లారి వచ్చి, ఎప్పట్లాగే నాగూరమ్మా తలుపు తియ్యవే అన్నాడంట. తీసింది పెళ్ళాం, కాశింబీ. ఇంక చెప్పేదేముందమ్మా. ఆ మాట మీదే కీర్తన కట్టాడు. అప్పటికే చెవులు మందగిస్తన్నాయి. ఈయన వాయించడం, కాశింబీ పాడటం, ఆమె గొంతు మీద చెయ్యేసి సరిచూసుకోడం, అట్టా కట్టాడు. చివర్న 'తలుపు తియ్యవే' అని రాగం పైకెక్కి అక్కడే ఆగిపోద్ది. కిందికి దిగదు. దించవయ్యా, వినేవోళ్ళకి ఊపిరాడదు అందంట కాశింబీ. పిల్ల తలుపు తీస్తే గదే నేను దించేది, అన్నాడంట.

వాళ్ళూళ్ళో జనం ముందు కాశింబీ పాడతంటే సంగీతం పంతులొకాయన అది విని, రాసుకుని, ఢిల్లీకి పంపించాడు. దేశం మొత్తంలో కొత్తగా కట్టిన కీర్తనల్లో మంచిదానికి ఏటా బహుమతిస్తారంట అక్కడ. అంతకుముందు గెల్చినోళ్ళంతా మహా మహా విద్వాంసులు. ఆ ఏడు మన దస్తగిరికొచ్చింది. వచ్చేసరికి చెవులు పూర్తిగా పోయినయ్యనుకో. మొగుడూ పెళ్ళాం రైలెక్కి పోయారు. శాలువా కప్పారు, ముందు వరసలో కూచోబెట్టారు. పేరున్న గాయని ఒకావిడ కీర్తన అందుకుంది. బాగానే పాడింది తల్లి, కాదనను. కానీ చివరికొచ్చేసరికి ఆగాల్సిన చోట ఆగలా. స్వరాలేసి, గిరగిరా తిప్పి, చక్కగా కిందికి దించి ముగించింది. అట్టా అయితేనే నిండుగా ఉంటదని వాళ్ళే మార్చుకున్నారంట. జనం లేచి నిలబడి ఒకటే చప్పట్లు. దస్తగిరి పెళ్ళాం మొహంలోకి చూసి, నేను కట్టినట్టే పాడిందా అన్నాడు. కాశింబీ తలూపింది. ఊపక ఏం చేస్తది చెప్పండి, అంత దూరం పోయి.

ఆయన ఆ చప్పట్లు కొట్టే చేతుల వంకే చూస్తా కూచున్నాడంట. తిరిగొచ్చేటప్పుడు రైల్లో, 'మనూళ్ళో నువ్వు పాడినప్పుడు ఒక్కళ్ళూ చప్పట్లు కొట్టలేదు గదే' అన్నాడంట. కాశింబీ కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ ఆయన పోయిందాకా ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా రాలా. ఇప్పుడు రేడియోలో వచ్చేది ఆ గాయని పాడిందే. అందరూ బాగుందంటారు. నాకూ బాగానే ఉంటది, అబద్ధమెందుకు. కాశింబీ మాత్రం అది మొదలవగానే లేచి దొడ్లోకి పోద్ది. ముసలిదే గానీ, దానికి చెవులు ఇంకా బాగానే వినపడతాయి.