పదకొండు ఫొటోలు లేని పేజీ

సభకు అధ్యక్షత వహిస్తూ, నా గురించి పన్నెండు నిమిషాలు మాట్లాడి, అందులో తొమ్మిది నిమిషాలు బయట గేటుకి అడ్డంగా పెట్టిన తెల్ల కారు గురించి మాట్లాడిన మన తెలుగు సమితి అధ్యక్షులు ఈశ్వరరావు గారికి. వేదిక మీద కుర్చీలు చాలక మెట్ల మీద సర్దుకున్న కార్యవర్గానికి. ముందు వరుసలో ఉన్న పెద్దలకి, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళ పిల్లలకి. వంటగదిలో పులిహోర కలుపుతూ, వింటున్నాం కానిమ్మని గరిటె ఊపుతున్న మిత్రులకి నా నమస్కారాలు, వందనాలు. ఆ తెల్ల కారు నాదే. ఇది అయ్యాక తీస్తాను. (నవ్వులు)

మీకందరికీ తెలుసు, మా ఆవిడ జెన్సీకి ఈ ఆక్లండ్‌కి దక్షిణాన, దూరాన ఉన్న డునెడిన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నాకు ల్యాప్‌టాప్ ఎక్కడుంటే అక్కడే ఉద్యోగం కాబట్టి ఆవిడ సామాన్లతో పాటు నేనూ వెళ్తున్నాను. తొమ్మిదేళ్ళు సమితి వెబ్‌సైటు చూసుకున్నానని మీరు శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. డునెడిన్ చలికి శాలువా పనికొస్తుంది. గడియారం ఇప్పుడే చూశాను, ఇంకా ఇండియా టైమే చూపిస్తోంది. ఈశ్వరరావు గారు నన్ను పట్టుకుని సాంకేతిక మాంత్రికుడు అన్నారు. ఆ మాట విన్నప్పుడు మూడో వరుసలో శ్రీజ దగ్గింది. రేపటి నుంచి సైటు చూసుకోబోయేది ఆ అమ్మాయే. ఆ దగ్గు ఎందుకో మీకు చెప్పాలి. మూడింటికల్లా హాలు ఖాళీ చెయ్యాలి, యోగా క్లాసు వాళ్ళు అప్పుడే చాపలు చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు గానీ, పర్వాలేదు, వాళ్ళకి ఓపిక ఉంటుంది.

ముందు ఒక చిన్న పాఠం. భయపడకండి సుశీలమ్మ ఆంటీ, పరీక్ష పెట్టను. వెబ్‌సైటులో పేజీకి పైనా కిందా పక్కనా కనబడే చట్రాన్ని లేఅవుట్ అంటారు. మన సైటు కట్టిన ఫ్రేమ్‌వర్క్‌లో ప్రతి పేజీ ఫైలుకీ మొదటి లైనులో ఏ లేఅవుట్ కావాలో పేరు రాయొచ్చు. రాస్తే పేజీ అదే వేసుకుంటుంది. ఏమీ రాయకపోతే మిగతా పేజీలన్నీ ఏది వేసుకుంటే అదే వేసుకుంటుంది. ఇంకా అర్థం కాకపోతే ఈ హాలునే చూడండి. నిన్న ఇక్కడ ఎవరి పాపకో మొదటి పుట్టినరోజు జరిగింది. ఈశ్వరరావు గారి తల వెనకాల బంగారు రంగులో ఒకటి అంకె బెలూన్ ఉంది చూశారా, అది నిన్నటిది. ఎవరూ తియ్యలేదు కాబట్టి నా వీడ్కోలు సభకి కూడా అదే అలంకారం. (నవ్వులు) మనం ఏమీ చెప్పకపోతే పేజీకి జరిగేది అదే.

మన సైటులో రోజూ మారని పేజీలు కొన్ని ఉన్నాయి. మా గురించి, నియమావళి, అత్యవసర ఫోన్ నంబర్లు, సంస్మరణ. ఒకసారి రాసి పెడితే అలాగే ఉంటాయి. వీటిలో ఒక పేజీలో, నా రెండో ఏడాదిలో, అప్పటి సంయుక్త కార్యదర్శి దుర్గేష్ గారి ఫొటో పొరపాటున పడలేదు. దుర్గేష్ గారు ఆ ఏడాది పిక్నిక్‌కి రాలేదు. ఆయన తేవలసిన బార్బెక్యూ కూడా రాలేదు. పెరుగన్నం తిని ఇంటికి వెళ్ళిన ఆ సాయంత్రం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెంటనే సర్వసభ్య సమావేశం పెట్టి, రెండు గంటలు చర్చించి తీర్మానం చేశాం. కార్యవర్గం పదకొండు మంది ఫొటోలూ, హోదా ప్రకారం, ఒకే సైజులో, సైటులో ప్రతి పేజీలోనూ ఉండాలి. ప్రతి పేజీలోనూ అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశారు. నేనేం చేశాను? పదకొండు ఫొటోలూ తీసుకెళ్ళి లేఅవుట్‌లో ఒక్కసారి పెట్టేశాను. దెబ్బకి అన్ని పేజీల్లోనూ పడ్డాయి. అత్యవసర నంబర్ల పేజీలో కూడా పడ్డాయి. అంబులెన్స్ నంబరు కావాలంటే ముందు పదకొండు మందికీ దణ్ణం పెట్టుకుంటూ కిందికి రావాలి. ఆ పనికి కూడా నాకు శాలువా కప్పారు.

ఆ రోజుల్లోనే నేనొక మంత్రం నేర్చుకున్నాను. ఈశ్వరరావు గారు నన్ను మాంత్రికుడన్నది ఊరికే పోలేదు. ఆ మంత్రం ఏమిటంటే, సిస్టమ్ ఒప్పుకోదండీ. సుశీలమ్మ ఆంటీ తను రాసిన నలభై రెండు పద్యాలూ మొదటి పేజీలో పెట్టమన్నారు. సిస్టమ్ ఒప్పుకోదాంటీ అన్నాను. దుర్గేష్ గారు తన ఫొటో చుట్టూ మెరిసే అంచు కావాలన్నారు. సిస్టమ్ ఒప్పుకోదన్నాను. మీరందరూ ఎంత మంచివాళ్ళంటే, పాపం సిస్టమ్ అని వెళ్ళిపోయారు. ఆంటీ, ఇవాళ చెప్పేస్తున్నాను. సిస్టమ్ ఒప్పుకుంటుంది. నేనే ఒప్పుకోలేదు. (నవ్వులు) మీరలా చూడకండి ఆంటీ, పద్యాలు శ్రీజకి పంపించండి.

ఇక్కడిదాకా సరదాగానే ఉంది. ఇక చెప్పబోయేది చెప్పడానికి నాలుగేళ్ళు పట్టింది.

యెహెజ్కేలు అంకుల్ మీలో ఎంతమందికి తెలుసో చేతులెత్తమని అడగను, ఎత్తని వాళ్ళని లెక్కపెట్టడం తేలిక. నేను చదువుకోవడానికి వచ్చిన రోజు ఊరి ఆ చివర హెండర్సన్ నుంచి వ్యాను వేసుకుని ఎయిర్‌పోర్టుకి వచ్చింది ఆయనే. నేనెవరో తెలియదు. ఎవరో చర్చిలో చెప్పారట, గుంటూరు కుర్రాడొకడు దిగుతున్నాడని. ఫ్లాస్కులో టీ పోసిచ్చి, ఇక్కడ ఎండ కనబడిందని స్వెటర్ విప్పకు బాబూ అన్నారు. ఆక్లండ్ గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు. నాకు ఫ్లాట్ దొరికేదాకా వాళ్ళింట్లోనే ఉన్నాను. ప్రేమజ్యోతి ఆంటీ కేర్‌హోమ్‌లో డ్యూటీ చేసి వచ్చి నాకు చారు కాచేవారు. ఆంటీ ఇక్కడే ఉన్నారు, రెండో వరుసలో, నీలం స్వెటర్. ఎండగానే ఉంది, అయినా విప్పలేదు.

నాలుగేళ్ళ క్రితం ఏప్రిల్‌లో అంకుల్ పోయారు. సంస్మరణ పేజీలో ఆయన ఫొటో, భూస్థాపన వివరాలు, ఆ తర్వాత ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక ఎక్కడ ఎన్నింటికో రాసి పెట్టాను. రాసి, ఏడ్చి, లింకు అందరికీ పంపాను. తెరిచి చూడలేదు. ఆ వారమే మన ఉగాది సంబరం. ఉగాది అంటే ఇక్కడ ఆకులు రాలే కాలం కదా, కాస్త కళగా ఉండాలని సైటు లేఅవుట్‌కి పైన మామిడి తోరణం కట్టాను, పై నుంచి కిందికి గులాబీ రేకులు రాలేట్టు పెట్టాను. రండి ఆడుదాం పాడుదాం అని ఒక వరుస పరుగెడుతూ ఉంటుంది. కింద ఒక బటన్, మీ సీటు ఇప్పుడే బుక్ చేసుకోండి అని. సంస్మరణ పేజీకి మొదటి లైనులో నేనేమీ రాయలేదు. కాబట్టి అది కూడా ఇవన్నీ వేసుకుంది. పదకొండు మంది నవ్వుతూ చేతులు జోడించి నిలబడ్డారు, వాళ్ళ కింద యెహెజ్కేలు గారు ప్రభువునందు నిద్రించారు అని ఉంది, ఆయన ముఖం మీద గులాబీ రేకులు రాలుతున్నాయి, పక్కనే డీజే ఉంది రండని పిలుపు.

ఆంటీ ఫోన్ చేశారు. కోపంగా కాదు. కోపంగా చేసినా బాగుండేది. ఆవిడ అన్న మాటలు నాకు అక్షరం మర్చిపోకుండా గుర్తున్నాయి. "నోయెల్ బాబూ, అంకుల్ పేజీలో సీటు బుక్ చేసుకోమంటోందంట. వెజ్జా నాన్‌వెజ్జా అని అడుగుతోందంట. కూడికకి వంట మేమే చేస్తున్నాం గదా, ఇంతమంది నాకు ఫోన్ చేసి అడుగుతుంటే ఏం చెప్పాలో తెలీడం లేదు" అన్నారు. అరవై మూడు మంది బుక్ చేశారండీ. ఎవరు ఉగాదికో, ఎవరు అంకుల్‌కో ఇప్పటికీ తేలలేదు. ఒకాయన పిల్లలకి కారం తక్కువ అని కూడా రాశారు. (నవ్వులు) నవ్వండి, పర్వాలేదు, అంకుల్ ఉంటే ఆయనే ముందు నవ్వేవారు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు.

ఆంటీకి నేనేం చెప్పానో తెలుసా? సిస్టమ్‌లో తప్పాంటీ అన్నాను. మన మంత్రమే. ఆవిడ, "పోన్లే బాబూ, మిషన్‌కేం తెలుసు మనిషి పోయిన సంగతి, నువ్వు కంగారు పడబాక, అన్నం తిన్నావా" అన్నారు. ఆ ఆదివారం చర్చిలో నిలబడి నా పేరు పెట్టి ప్రార్థన కూడా చేశారు. నేను వెనక బెంచీలో తల వంచుకుని కూర్చున్నాను. భక్తి అనుకున్నారు అందరూ.

అది సిస్టమ్ తప్పు కాదు. పేజీ మొదట్లో ఒక్క లైను. ఆ లైను రాయొచ్చని నాకు అంతకు రెండేళ్ళ ముందు నుంచీ తెలుసు. అన్నిటికీ ఒక చట్రమే చాలులే, ఎవడు చూస్తాడులే అని బద్ధకించాను. ఫోన్ పెట్టేశాక కూర్చుని సాదా అని పేరు పెట్టి ఇంకో లేఅవుట్ రాశాను. తెల్ల పేజీ. ఫొటో, పేరు, తేదీలు, ఎక్కడ, ఎన్నింటికి. అంతే. మధ్యలో టీ పెట్టుకున్నా పావుగంట పట్టలేదు. ఆ పావుగంట ముందే కేటాయించి ఉంటే మా అంకుల్‌ని అలా పంపించే వాళ్ళం కాదు. ఆంటీ, నన్ను క్షమించండి. తప్పు నాది. తర్వాత మీకు అబద్ధం చెప్పడం ఇంకో తప్పు. డునెడిన్ వెళ్ళి ఫోన్‌లో చెబుదామనుకున్నాను. పిరికితనం అనిపించింది.

ఆంటీ ఏదో అంటున్నారు. మైకు అందించండి. అక్కర్లేదా, సరే, నేనే చెబుతాను. "ఒక లైనే అని నాకు అప్పుడే తెలుసులే" అంటున్నారు. ఎవరు చెప్పారాంటీ? (ఆంటీ చూపు వెంట చూసి) జెన్సీ, నువ్వా? పైకి చూడకు, బెలూన్ నాకూ కనబడుతోంది. (నవ్వులు) నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నాకు ఒక్క మాట చెప్పలేదు చూడండి. మరి తెలిసీ నాకోసం ప్రార్థన ఎందుకు చేశారాంటీ? (వింటూ) "మరి మిషన్ కోసం చేస్తానా" అంటున్నారు.

ఒక్క నిమిషం. (నీళ్ళు తాగి) సరే.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పాక శాలువా వెనక్కి అడిగినా అడుగుతారు. ఆ నెల కార్యవర్గ సమావేశంలో ఈశ్వరరావు గారు తీర్మానం కాగితం పట్టుకొచ్చి, సంస్మరణ పేజీలో మన ఫొటోలు కనబడటం లేదేమయ్యా, ప్రతి పేజీలోనూ అని రెండు గీతలున్నాయి చూడు అన్నారు. సిస్టమ్ ఒప్పుకోదండీ అన్నాను. నమ్మారు. నాలుగేళ్ళుగా నమ్ముతూనే ఉన్నారు. ఆ పేజీలో ఇప్పుడు మనల్ని వదిలి వెళ్ళిన తొమ్మిది మంది ఉన్నారు. ఏ ఒక్కరి నెత్తి మీదా తోరణం లేదు, స్పాన్సర్ లేడు, మనం లేం. ఆంటీకి చెప్పిన అబద్ధానికి సిగ్గుపడుతున్నాను గానీ, ఈశ్వరరావు గారూ, మీకు చెప్పిన దానికి పడటం లేదు. అవసరమైతే మళ్ళీ చెబుతాను.

కానీ చెప్పడానికి నేనుండనుగా. మొన్న శ్రీజకి పాస్‌వర్డులు అప్పగిస్తుంటే ఆ అమ్మాయి ఫైలు తెరిచి చూసి, "అన్నా, ఒక్క లైన్ మారిస్తే ఫొటోలు వచ్చేస్తయ్ గదా, వీళ్ళకెందుకు సిస్టమ్ ఒప్పుకోదని చెప్పిన్రు?" అంది. నువ్వు కూడా అలాగే చెప్పమ్మా అన్నాను. "నేను అబద్ధం చెప్పనన్నా, అడిగితే అవుతదనే చెప్తా" అంది. రెండు రోజులు ఆ అమ్మాయి మీద కోపం వచ్చింది. తర్వాత ఆ కోపం ఎవరి మీదో అర్థమైంది. అందుకే ఇవాళ మీ అందరి ముందూ నిలబడ్డాను. ఆ పేజీని ఇన్నాళ్ళూ కాపాడింది నా అబద్ధం ఒక్కటే. ఇప్పుడు అది కూడా తీసేశాను. రేపు మీలో ఎవరైనా ఆ ఒక్క లైను మార్చమంటే శ్రీజ మార్చాల్సిందే, తీర్మానం ఉంది. మార్చమని మీరు అడగొద్దు. తొమ్మిదేళ్ళకి నేను కోరుతున్నది అదొక్కటే. మిగతా ఎన్ని పేజీల్లో కావాలంటే అన్ని పేజీల్లో నవ్వుకోండి, మెరిసే అంచులు పెట్టించుకోండి దుర్గేష్ గారూ, నాకేం అభ్యంతరం లేదు.

అధ్యక్షుల వారు లేస్తున్నారు. కారు సంగతి కాదుగా? మైకు తీసుకోండి సార్. వద్దంటున్నారు, నా చెవిలో చెబుతున్నారు. (వింటూ) వెనక వాళ్ళకి వినబడలేదు, చెబుతాను. "ఆ పేజీలోకి నా ఫొటో ఎప్పటికైనా వస్తుందిలేవయ్యా, తొందరేముంది. వచ్చిన రోజున మిగతా పది మందీ పక్కన లేకుండా చూడమను, చాలు" అంటున్నారు.

శ్రీజా, రాసుకున్నావా. రాసుకుందట.

ఈశ్వరరావు గారికి, నన్ను తొమ్మిదేళ్ళు భరించిన కార్యవర్గానికి, నలభై రెండు పద్యాలకీ సుశీలమ్మ ఆంటీకి, అన్నం తిన్నావా అని అడిగిన ప్రేమజ్యోతి ఆంటీకి, చాపలతో నిలబడ్డ వాళ్ళకి కృతజ్ఞతలు. పులిహోర చల్లారకముందే తినండి. నేను వెళ్ళి కారు తీస్తాను. సెలవు.