ప్రయాణికులు: ఒకరు

నవ్వండి మేడమ్, మీరూ నవ్వేయండి, ఫర్లేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. కింద గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నవ్వాడు, టోకెన్లిచ్చే అమ్మాయి నవ్వింది. మెట్ల మీద ఎవరో నా చేతిలో కాగితం చూసి, "శవాల బండికి స్పీడు ఫైనా? ఎవరికండీ అంత తొందర, లోపలాయనకా మీకా?" అన్నాడు. ఎంతమంది నోళ్ళని మూయగలను? వినీ విననట్టు మూడంతస్తులూ ఎక్కొచ్చాను. లిఫ్టు పనిచెయ్యట్లేదు, మీకు తెలుసో లేదో.

కూర్చోమంటారా? కూర్చుంటా. ఈ మోకాళ్ళు నా మాట వినడం మానేసి చాన్నాళ్ళయింది.

ఇది నాలుగోసారి రావడం. మొదటిసారి ఫోటో సరిగ్గా లేదన్నారు. రెండోసారి ఓనరు సంతకం తెమ్మన్నారు. మూడోసారి ఇక్కడ కాదు, పక్క కిటికీ అన్నారు, పక్క కిటికీ ఆవిడ సెలవు. తల ప్రాణం తోకకొచ్చింది మేడమ్. తప్పు చేశాను, శిక్ష వెయ్యండి మహాప్రభో అని నా అంతట నేనే వచ్చి నిలబడితే, అందుక్కూడా లైన్లో రమ్మంటే ఎలాగండీ?

ముప్పై ఒక్క ఏళ్ళు నడిపాను. లైసెన్సు తిప్పి చూడండి, ఒక్క మరక కనపడితే అడగండి. మా బండెక్కినవాళ్ళు ఒక్కళ్ళు కూడా ఇంతవరకూ నా మీద కంప్లైంటు ఇవ్వలేదు.

అదీ, నవ్వారు. నవ్వితే బాగున్నారు తల్లీ, ఎందుకలా పొద్దున్నించీ మొహం ముడుచుకుని కూర్చుంటారు?

మా ఓనరు బండి వెనక అద్దం మీద పెద్ద పెద్ద అక్షరాల్లో రాయించాడు, 'నిదానమే ప్రధానం' అని. చూసే ఉంటారు. గంటకి ముప్పై, మహా అయితే ముప్పై ఐదు, అంతే నా స్పీడు. వెనకొచ్చేవాడికి ఎంత పనున్నా హారన్ కొట్టడు. మనిషి బతికున్నన్నాళ్ళూ దారివ్వనివాళ్ళు ఆ ఒక్కరోజూ పక్కకి తప్పుకుంటారు. లోపలున్న మనిషి చూసుకుంటే ఎంత సంతోషించేదో కదా!

ఏంటీ? ఆ, కారణం దగ్గరా? 'భోజనానికి ఆలస్యమైంది' అని ఉంది. అవును, నేనే రాశాను, నా చేతిరాతే. ఏం, మావాళ్ళకి ఆకలి వెయ్యదా?

అది కాదా? మరి?

ఓ, దాని కింద గడి. ప్రయాణికుల సంఖ్య.

'ఒకరు' అని రాశాను. మరి ఏం రాయమంటారు? పక్కన ఉన్న గడి సరుకుది. సరుకు అని రాయడానికి నా చెయ్యి రాలేదు మేడమ్. బస్తాలు కావు కదా. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనెప్పుడూ ఆ మాట అనలేదు. మా ఓనరు ఫోనులో 'ఇవాళ ఎన్ని ట్రిప్పులు' అంటాడు, నేను 'ముగ్గురు' అంటాను. అతనికి ఒళ్ళు మండుతుంది.

చెప్పండి, వింటున్నా. రెండు గళ్ళలోనూ సున్నా పెడితే మొదటి తప్పు కింద ఒక పూట క్లాసులో కూర్చుని ఇంటికి పోవచ్చు. లైసెన్సు మీద ఏమీ పడదు. 'ఒకరు' అని ఉంటే, యాభై దాటకూడని రోడ్డులో తొంభై రెండు పోయాను గనక, ప్రయాణికుల ప్రాణం ప్రమాదంలో పెట్టినట్టు లెక్క. ఆరు నెలలు లైసెన్సు మీ దగ్గరే ఉంటుంది.

ప్రాణం ప్రమాదంలో... చూశారా, మీరే చదివి మీరే ఆగిపోయారు.

మంచివారు తల్లీ. వేరేవాళ్ళయితే ముద్ర కొట్టి పొమ్మనేవాళ్ళు. మీరు పిలిపించి మరీ చెప్తున్నారు. ఆ పెన్ను ఇలా పెట్టండి. దిద్దుతాను.

ఒక్క నిమిషం ఆగండి.

ఆరు నెలలంటే ఏంటో నాకు తెలీక కాదు. మా ఓనరు ముందే చెప్పాడు, లైసెన్సు పోతే బండి తాళం బల్ల మీద పెట్టెయ్ అని. అరవై రెండేళ్ళవాడికి ఇంకో బండి ఎవడిస్తాడు చెప్పండి? ఇంట్లో కూర్చుంటే గోడలు చూడాలి. నాకు వేరే పని రాదు. పొద్దున లేచి బండి కడిగితేనే నాకు తెల్లారినట్టుంటుంది.

ఆ తలుపు కాస్త దగ్గరగా వేస్తారా? ఇది కాగితం మీదకి ఎక్కించనంటే చెప్తాను. ఎక్కించరుగా?

ఆ రోజు వెనకున్నది ఒక పెద్దావిడ. బట్టలు కుట్టేది. వేళ్ళ నిండా సూది గుచ్చుకున్న మచ్చలే. పొద్దున పదకొండింటికి ఇంట్లోనే పోయింది. డాక్టరొచ్చి చూశాడు, కాగితం రాసిచ్చాడు. కూతురు దూరం నుంచి రావాలి, అందాకా ఆస్పత్రి వెనకున్న ఐసుగదిలో ఉంచమన్నారు. కొడుకే ఎత్తి పడుకోబెట్టాడు. తలుపు వేసేముందు, "నెమ్మదిగా పోనివ్వండి, అమ్మకి కుదుపులు పడవు" అన్నాడు. అందరూ అనే మాటే. నేను అలాగే బాబూ అన్నాను.

స్కూలు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఉంది చూడండి, రంగు పోయి కనపడదు, అదెక్కి దిగింది బండి. వెనకనించి ఆవిడ "హా..." అంది.

అలా చూడకండి. అది మామూలే. మా పనిలో కొత్తగా ఎవరు చేరినా మొట్టమొదట నేను చెప్పేది అదే. 'గతుకులో పడితే లోపల మిగిలిన గాలి బయటికొస్తుందిరా, మనిషి నిట్టూర్చినట్టే ఉంటుంది, భయపడకు, వెనక్కి తిరగకు, నీ దారిన నువ్వు పో.' ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పి నవ్వేవాణ్ణి కూడా. అలాంటిది...

నా కాలే మేడమ్. నేను కాదు, నా కాలే నొక్కేసింది. ఆ బండి అంత స్పీడు పోగలదని నాకే తెలీదు. "వచ్చేశాం అమ్మా, ఒక్క నిమిషం ఓర్చుకో, వచ్చేశాం" అంటున్నాను. పైకే అంటున్నాను. కెమెరా ఎక్కడుందో ఎవడు చూశాడు?

ఎమర్జెన్సీ గేటు ముందు ఆపితే నర్సమ్మ బయటికొచ్చింది. నన్ను ఎరిగిన మనిషే. "ఇదేంటి బాబాయ్, నువ్విటొచ్చావు? నీ తలుపు అటు కదా" అంది. బండి వెనక్కి చెయ్యి చూపించాను. డాక్టరొచ్చి చూశాడు. తిట్టలేదు, నవ్వలేదు. "ఈవిడ పోయి రెండు గంటలైందయ్యా" అన్నాడు. నర్సమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగాను. బండి తిప్పుకుని వెనక తలుపుకి పోయాను.

అదీ కథ. భోజనం లేదు, ఏమీ లేదు.

మీరనేది నిజమే, ఇదే రాస్తే పెద్ద సారు మొత్తం మాఫీ చేస్తాడు. ఆస్పత్రికి పోయే బండికి మినహాయింపు ఉందిగా. కానీ రాస్తే ఫైలవుతుంది. ఆ ఇంటికి ఒక ఉత్తరం పోతుంది, నిజమేనా అని అడుగుతారు. అడగాలి కదా, అది మీ పద్ధతి. ఆ కొడుకు చదువుతాడు. అమ్మ బండిలో నిట్టూర్చిందట అని ఒక్క ముక్క వాడి చెవిన పడిందంటే ఇక అంతే తల్లీ. గాలని డాక్టర్లు పదిమంది చెప్పినా నమ్మడు. బతికుండగానే పంపించేశానా, ఇంకాసేపు ఆగి ఉంటే, ఇంకో డాక్టర్ని పిలిచి ఉంటే... అన్నం ముందు కూర్చున్నా అదే, మంచం మీద వాలినా అదే. ఆ లెక్క తేలదు మేడమ్. ఎన్నేళ్ళు వేసినా తేలదు.

నాకెలా తెలుసంటారా?

మా ఆవిడ పోయి మూడేళ్ళు. బట్టలారేస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయింది. మా అల్లుడి కారు గుమ్మంలోనే ఉంది. వెనక సీట్లో పడుకోబెట్టి నేనే తీశాను. పట్టపగలు, రోడ్డు ఖాళీగానే ఉంది. "ఏవండీ, కాస్త తొందరగా పోనివ్వండి" అంది. "వెళ్తున్నాంగా, కుదుపులొస్తే నీకే ఇబ్బంది" అన్నాను.

వెళ్తున్నాననే అనుకున్నాను మేడమ్, ఒట్టు. వెనక ఒకటే హారన్లు. ఇవాళ ఎందుకిలా కొడుతున్నారు, మనిషికి విలువ లేదా అని వాళ్ళని తిట్టుకున్నాను కూడా. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే స్పీడుకి అలవాటైన కాలు నాది. ఆస్పత్రి గేటు దగ్గరికొచ్చాక మీటరు చూశాను. ముప్పై ఐదు.

"ఓ పది నిమిషాలు ముందు తెచ్చుంటే" అన్నాడు డాక్టరు.

తర్వాత ఒకరోజు అదే కారులో అదే టైముకి ఆ రోడ్డు మీద పోయి చూశాను. యాభైలో పోయాను, అక్కడ అంత పోనిస్తారు, తప్పు కాదు, ఫైనూ లేదు. సరిగ్గా పది నిమిషాలు కలిసొచ్చింది. ఇంటికొచ్చి కారు కడిగి తాళం ఇచ్చేశాను. ట్రాఫిక్కులో ఇరుక్కున్నామని చెప్పాను మా అమ్మాయికి. దానికి ఇప్పటికీ అదే తెలుసు. రోడ్లు వేసేవాళ్ళని తిడుతుంటుంది పాపం, నేను తలూపుతుంటాను.

ఆలస్యం అమృతం విషం అని కూడా పెద్దవాళ్ళే అన్నారు. ఆ ముక్క ఏ బండి వెనకా రాయించరెందుకో.

అయ్యయ్యో, మీరెందుకమ్మా కళ్ళు తుడుచుకోవడం? బయట లైన్లో ఇంకా పదిమంది ఉన్నారు, నేనేదో అన్నాననుకుంటారు.

ఇదిగోండి మీ పెన్ను. లేదు, దిద్దలేదు. చూశాను, పెన్ను పెట్టాను కూడా, రాలేదు.

బతికున్న మనిషిని వెనక పెట్టుకుని, లేని మనిషిని తీసుకెళ్తున్నట్టు నడిపాను నేను. అక్కడ ఒకరుంటే సున్నా అనుకున్నాను. ఒకసారి పెట్టేశాను కదమ్మా ఆ సున్నా, మళ్ళీ పెట్టమంటే ఎలా? ఉండనివ్వండి. 'ఒకరు' అనే ఉండనివ్వండి. కారణం కూడా అదే ఉంచండి, భోజనం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకుంటారు.

ముద్ర వెయ్యండి. ఇదిగో లైసెన్సు. కవరు చిరిగింది, జాగ్రత్త.

రసీదు ఇస్తారా? అక్కర్లేదా? సరే.

నాకేం, తాళం ఓనరు బల్ల మీద పెట్టేసి బస్సెక్కి ఇంటికి పోతా. ఆ డ్రైవరు గనక నిదానంగా పోనిచ్చాడో, నేనే హారన్ కొట్టమంటాను.